కండక్టరమ్మ కాలు

4వ తేదీ, సోమవారం

నా దస్తూరీ బాగుండదు, తప్పులు కూడా దొర్లుతాయి, మన్నించాలి. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు. ఇది ఎవరికీ పంపేది కాదు. ఉత్తరం తప్ప మరొకటి రాసి ఎరగను గనక చెయ్యి ఉత్తరంలాగే మొదలుపెట్టింది. ఊళ్ళో బడిలో ఐదో తరగతి దాకా చదివాను. నా పలక చూసి పంతులుగారు "కోడి గెలికినట్టుందిరా" అనేవారు. తరవాత బతుకంతా కోళ్ళతోనే గడిచింది. ఆయన నోటి చలవ.

ఈరోజు మా కోడి కాలు పోయింది. నేనే పోగొట్టాను.

పెరటి తలుపు తీసి ఉంటే వీధికుక్క లోపలికి వచ్చింది. కోడి బట్టలుతికే బండ దగ్గర ఉంది. మా అమ్మాయి గదిలో ఉంది. ఒక్క అంగలో వెళ్ళి కోడిని పట్టుకుని పైకి లేపాను. కాలు పట్టుకుని లేపాను. షాపులో పనిచేసినన్నాళ్ళూ అలాగే లేపాను. తలకిందులుగా వేలాడదీస్తే కోడి కాసేపటికి గింజుకోవడం మానేస్తుంది. ఇంకోలా పట్టుకోవడం నా చేతికి రాదు. రెండు కాళ్ళూ అందాల్సింది, ఒకటే అందింది. అది రెక్కలు కొట్టుకుంటూ గిర్రున తిరిగింది. తుంటి దగ్గర టిక్కుమంది.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. లెగ్ పీసు విడదీసేటప్పుడు వచ్చేదే. కాకపోతే అప్పటికి కోడికి ఏమీ తెలియదు.

కుక్క పోయింది. కోడిని కింద పెడితే కూలబడింది, లేవలేదు. అమ్మాయి వచ్చి చూసింది.

"కుక్క వచ్చింది" అన్నాను.

అబద్ధం కాదు. కుక్క వచ్చిన మాట నిజమే.

5వ తేదీ, మంగళవారం

కోడి లేవలేదు. ఐస్‌క్రీం పుల్లలు రెండు పెట్టి కాలికి గుడ్డతో కట్టు కట్టాను. గింజలు దగ్గర పెడితే కూచునే తింది.

నోటితో అనుకుంటే నిలవనిది రాస్తే నిలుస్తుందేమోనని రాస్తున్నాను. అమ్మాయి స్కూలు వ్యాను నడిపేది. ఒక సాయంత్రం వ్యాను వెనక్కి తీస్తుంటే చిన్నపిల్ల టైరు కింద పడింది. బతకలేదు. స్టేషన్లూ కోర్టులూ అన్నీ అయ్యాయి, నీ తప్పు లేదన్నారు. మనిషి ఇంటికి వచ్చింది గానీ నోరు మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది. తిన్నావా అంటే తల ఊపుతుంది. పడుకుంటావా అంటే వెళ్ళి పడుకుంటుంది. వాళ్ళమ్మ ఉంటే ఎలాగోలా మాట్లాడించేది. నేనా, మొదటినుంచీ నోట్లో నాలుక లేనివాణ్ణి. షాపులో కూడా కేజీయా, అరకేజీయా, ముక్కలు చిన్నవా, పెద్దవా, అంతవరకే.

ఈ కోడి అప్పట్లో వచ్చింది. షాపులో అమ్ముడుపోక మిగిలింది, ముక్కు వంకర. కూరకని తెచ్చాను. అమ్మాయి పెరటి మెట్ల మీద కూచుని ఉంది. కోడి తిన్నగా వెళ్ళి ఆమె పాదం మీద ఎక్కి మెడ చాపి నిలబడింది. నేను కత్తి పట్టుకుని వచ్చేసరికి అమ్మాయి దానితో అంటోంది: "నా దగ్గర చిల్లర లేదు కండక్టరమ్మా."

కత్తి తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టేశాను.

ఆ రోజునుంచీ మధ్యాహ్నం పూట మెట్ల మీద కూచుని దానితో మాట్లాడుతుంది. మెల్లిగా మాట్లాడుతుంది. వంటింట్లోకి మాటలు వినిపించవు, గొంతు వినిపిస్తుంది. నాకు అది చాలు.

కోడి పోతే ఆ గొంతు కూడా పోతుంది. అందుకని కోడి పోకూడదు.

6వ తేదీ, బుధవారం

ఈరోజు కొంచెం నయం.

8వ తేదీ, శుక్రవారం

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. సంచిలో పెట్టుకుని, తల బయటికి ఉంచి. బస్సులో ఒకాయన "ఎంత పడింది?" అని అడిగాడు. "మా అమ్మాయిది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, ఇంకేమీ అడగలేదు.

డాక్టరు చిన్నవాడు. కాలు ఇటూ అటూ కదిపి చూశాడు.

"ఈ పుల్లలెందుకు కట్టారు? విరిగింది ఎముక కాదు పెద్దాయనా. తుంటి కీలు ఊడింది. మనిషికైతే ఆపరేషన్ చేస్తారు."

"కోడికి?"

"కోడికి కూర చేస్తారు."

బల్లల మీద కూచున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నేను ఎంతమందితో అని ఉంటానో.

"ఏం పని చేసేవారు మీరు?" అన్నాడు.

"చికెన్ షాపు."

ఆయన నా మొహం కాసేపు చూశాడు. తరవాత నవ్వలేదు. నొప్పికి చుక్కల మందు ఇచ్చాడు. నేలమీద కూచోనివ్వకండి, రొమ్ము కింద పుండు పడుతుంది, ఒకసారి పడితే ఇంక ఆపలేం, ఉయ్యాలలా కట్టి వేలాడదీయండి అన్నాడు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు.

ఇంటికొచ్చి స్టూలు బోర్లించి నాలుగు కాళ్ళూ పైకి పెట్టాను. గుడ్డ కోసం వెతుకుతుంటే అమ్మాయి గదిలోకి వెళ్ళి తన డ్రైవరు చొక్కా తెచ్చింది. ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉన్నది. కత్తెర తీసుకుని నిలువునా కోసింది. కోడి కాళ్ళు కిందికి దిగడానికి రెండు రంధ్రాలు చేసింది. నేను నాలుగు మూలలూ స్టూలు కాళ్ళకు ముడివేశాను. కోడి అందులో సరిగ్గా అమిరింది. జేబు ముందువైపు వచ్చింది, అందులో గింజలు పోస్తే వంగి తింది.

ఆ చొక్కా ఇంకెప్పుడో వేసుకుంటుందనుకున్నాను నేను.

9వ తేదీ, శనివారం

కొంచెం నయం. కళ్ళు బాగున్నాయి.

11వ తేదీ, సోమవారం

చెయ్యకూడని పని చేశాను. స్నానాలగదిలో పైన గాలి కోసం చిన్న కన్నం ఉంది, పెరట్లోకి. దాని కింద నిలబడితే మెట్ల మీద మాట స్పష్టంగా వినిపిస్తుందని ఈరోజే తెలిసింది. స్నానానికి వెళ్ళినవాణ్ణి స్నానం చెయ్యలేదు.

అమ్మాయి చెబుతోంది. కథ చెప్పినట్టు, తొందర లేకుండా.

"అద్దంలో చూశాను కండక్టరమ్మా. చూడలేదని పిల్ల తాలూకువాళ్ళన్నారు, చూశాను. రోజూ చూసినట్టే చూశాను. రోజూ అక్కడ ఏమీ ఉండదు కదా. ఆ రోజు కూడా ఏమీ లేనట్టే కనిపించింది. ఆ పిల్ల బూటు తాడు ఊడిందని కూచుంది. నేను కట్టుకోవడం నేర్పాను దానికి. ముందు ఒక చెవి, తరవాత ఇంకో చెవి, కుందేలు బొరియలోకి దూరుతుంది అని. కుందేలు దూరిందా అని రోజూ అడిగేదాన్ని."

కోడి ఏదో గొణిగింది.

"నీ కాలు సంగతి కూడా నాకు తెలుసులే. కిటికీలోంచి చూశాను. నాన్న మీద కోపం పెట్టుకోకు. నిన్ను కుక్క నోట్లోంచి లాగాడు. ఆయన చేతులకు అదొక్కటే తెలుసు. చెయ్యి అలవాటు పడితే కళ్ళతో పని ఉండదు."

నా ఊపిరి చప్పుడు బయటికి వినిపిస్తుందని భయమేసింది. చెంబుతో నీళ్ళు తీసి నేలమీద పోశాను. స్నానం చేస్తున్నట్టు ఉంటుందని.

బయటికి వచ్చాక తల పొడిగా ఉండడం అమ్మాయి చూసింది. ఏమీ అనలేదు.

12వ తేదీ, మంగళవారం

మళ్ళీ నిలబడ్డాను, కన్నం కింద.

13వ తేదీ, బుధవారం

ఉయ్యాల శుభ్రం చెయ్యడానికి కోడిని ఎత్తాను. ఇప్పుడు రెండు చేతులూ రొమ్ము కింద పెట్టి ఎత్తుతున్నాను, అమ్మాయి ఎత్తినట్టు. ఏ కోడినైనా ఎత్తితే తూకం నా చేతికి తెలిసిపోతుంది, కాటా అక్కర్లేదు. షాపులో పందేలు కాసేవాళ్ళు నామీద.

ఎంత తగ్గిందో రాయను.

14వ తేదీ, గురువారం

ఈరోజు కొంచెం నయం. ఉడికించిన గుడ్డు సొన చిదిపి పెట్టాను, కొద్దిగా తింది. గుడ్డు పెట్టాల్సిన దానికి గుడ్డు పెట్టడం ఏమిటని నాకే నవ్వు వచ్చింది.

16వ తేదీ, శనివారం

ఎదురింటి టైలరమ్మ జాకెట్టు ముక్కలు తెచ్చి ఇచ్చింది, కోడి కింద పరవడానికి. లోపలికి వచ్చి ఉయ్యాల చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కసాయివాణ్ణి గొర్రె నమ్మిందని సామెత విన్నా. కోడి నమ్మడం ఇక్కడే చూస్తున్నా బాబాయ్."

"దానికి వేరే దారి లేదు కదమ్మా" అన్నాను.

"నీకూ లేదులే." ఆమె గొంతు తగ్గించింది. "అమ్మాయి ఏమన్నా మాట్లాడుతోందా?"

"మాట్లాడుతోంది."

"నీతోనా?"

నేను ఉయ్యాల ముడి బిగించాను. అది ముందే బిగువుగా ఉంది.

టైలరమ్మ వెళ్తూ ముక్కు చిట్లించింది. "వాసన వస్తోంది, చూసుకో" అంది.

నాకేమీ రాలేదు. ఆ వాసనల్లో పెరిగిన ముక్కు నాది, దాన్ని నమ్మడానికి లేదు.

18వ తేదీ, సోమవారం

షాపుకి వెళ్ళాను. ఇప్పుడు అది నా దగ్గర పని నేర్చుకున్నవాడిది. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశాడు.

"కోడి బాగుందా అన్నా?"

"బాగుంది. కొంచెం నయం."

"నాకెందుకన్నా అబద్ధం? ఇంకోటి పట్టుకెళ్ళు. కోళ్ళన్నీ ఒకటే, అమ్మాయికి తెలీదు."

వాడు మామూలుగా అన్నాడు. నేను లేచి పంజరాల దగ్గరికి వెళ్ళాను. ఒక్కొక్క దాని మొహమూ చూశాను. ఇన్నేళ్ళలో కోడి మొహం అలా చూడడం అదే మొదలు. కాళ్ళూ రొమ్మూ చూసేవాణ్ణి. అన్నిటి ముక్కులూ తిన్నగా ఉన్నాయి. వంకర ముక్కు ఒక్కటైనా దొరికితే తెచ్చి ఉండేవాణ్ణి. ఎందుకు దాచాలి, తెచ్చి ఉండేవాణ్ణి.

ఇంతలో జనం వచ్చారు. "ఒక్క చెయ్యి వెయ్యవా అన్నా" అన్నాడు వాడు. కత్తి తీసుకున్నాను. ఎన్ని చేశానో తెలియదు. ఎవరో "చిన్న ముక్కలు" అన్నారు, చిన్న ముక్కలు కొట్టాను. టిక్కుమని కీళ్ళు విడుతున్నాయి. ఆ చప్పుడు నేను మధ్యలో ఎక్కడో వినడం మొదలుపెట్టాను. అప్పుడు కత్తి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చేశాను.

ఇంట్లో అడుగు పెట్టగానే కోడి ఉయ్యాలలో కొట్టుకుంది. అమ్మాయి నా చేతులవంక చూసింది. మళ్ళీ సబ్బు పెట్టి కడుక్కున్నాను.

19వ తేదీ, మంగళవారం

తినలేదు. ఎండ ఎక్కువగా ఉంది, అందుకే అయుంటుంది.

కొంచెం నయమే.

20వ తేదీ, బుధవారం

నయం కాదు.

పొద్దున ఈగలు ఉయ్యాల కింద ముసురుతున్నాయి. కోడిని తీసి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూశాను. డాక్టరు చెప్పినట్టే రొమ్ము కింద పుండు. ఉయ్యాలలో వేసేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది, ముందు నాలుగు రోజులు నేలమీదే ఉంది కదా, నేను పుల్లలు కడుతూ కూచున్నాను. పుండులో పురుగులు. కాలు మోకాలి కింద నల్లబడి చల్లగా ఉంది.

గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి కడగడం మొదలుపెట్టాను. పురుగుల్ని చిన్న పట్టకారుతో తీస్తున్నాను. ఒంటరిగా అయ్యే పని కాదు. అమ్మాయి వచ్చి ఎదురుగా కూచుని రెక్కలు పట్టుకుంది. చాలాసేపు ఇద్దరం వంగి చేశాం. మా తలలు దాదాపు తగులుతున్నాయి. ఆమె తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఎప్పుడు వచ్చాయో.

తీసినకొద్దీ లోపల ఉన్నాయి.

"నాన్నా."

నేను పట్టకారు ఆపలేదు. కోడితో అంటోందనుకున్నాను.

"నాన్నా. ఇంక చాలు."

"ఇవి తీసేస్తే తగ్గుతుంది" అన్నాను. "నిన్న కూడా కొంచెం నయంగానే ఉంది."

"లేదు. నిన్న కూడా లేదు."

ఇంకో పురుగు తీశాను.

"నువ్వే చెయ్యి" అంది. "నీకైతే దానికి నొప్పి తెలియకుండా చెయ్యడం వచ్చు. నాకు రాదు."

ఎన్ని నెలలు ఎదురుచూశాను, అమ్మాయి నాతో నోరు విప్పుతుందని. విప్పింది.

"రేపు చేస్తాను" అన్నాను.

21వ తేదీ, గురువారం

పొద్దున్నే కత్తి పట్టాను. రాయి మీద చాలాసేపు సాన పట్టాను, అంత అక్కర్లేదు.

కోడిని రెండు చేతుల మీదా మోసుకుంటూ బండ వెనక్కి తీసుకెళ్ళాను. నువ్వు లోపలికి వెళ్ళమ్మా అన్నాను. వెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూచుని తన ఒళ్ళో పెట్టమంది. వంకర ముక్కు మీద వేలితో రాస్తూ ఉంటే కోడి కళ్ళు మూసుకుంది.

"కండక్టరమ్మా, స్టాపు వచ్చింది" అంది అమ్మాయి.

షాపులో మేము కోడి మొహం చూడం. ఈరోజు చూస్తూ చేశాను. దానికి ఏమీ తెలియలేదు. అదొక్కటి నేను ఖాయంగా చెప్పగలను.

చొక్కా గుడ్డలోనే చుట్టి గోడ మొదట్లో పాతాము. గుంత తనే తవ్వింది, లోతుగా, కుక్కలు తియ్యకుండా. చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అన్నం పెట్టి పిలిచాను. రాలేదు. తలుపు బయట పెట్టాను. సాయంత్రం చూస్తే అలాగే ఉంది.

22వ తేదీ, శుక్రవారం

తలుపు తియ్యలేదు. నీళ్ళు మాత్రం తీసుకుంది.

టైలరమ్మ వచ్చి తలుపు కొట్టింది. "ఏమే, జాకెట్టు కొలతలు తీసుకోవాలి, రా" అని అబద్ధం చెప్పింది. "కోడి కోసం ఇంతా" అంది నాతో, బయటికి వచ్చాక.

"కోడి కోసం కాదమ్మా" అన్నాను.

"తెలుసులే బాబాయ్. ఏదో ఒకటి అనాలని అన్నా."

23వ తేదీ, శనివారం

మధ్యాహ్నం స్నానాలగదిలోకి వెళ్ళి కన్నం కింద నిలబడ్డాను. మెట్ల మీద ఎవరూ లేరని తెలుసు. అయినా నిలబడ్డాను.

24వ తేదీ, ఆదివారం

ఇక్కడినుంచి నీకే రాస్తున్నాను అమ్మా. వెనక పేజీలు నాకోసం రాసుకున్నవి. అయినా చదువు. చింపకుండా ఇస్తున్నాను.

పొద్దుటినుంచి నీ తలుపు ముందు కూచుని ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. నోటికి రాలేదు. నీకు తెలుసు కదా నా సంగతి. తిన్నావా అని మాత్రం వస్తుంది. అది అడిగితే నువ్వు తల ఊపుతావు, తలుపు అవతల ఊపితే నాకు కనపడదు.

కోడి కాలు నేను తీశాను. నువ్వు చూశావని నాకు తెలుసు. కన్నం కింద నిలబడి నీ మాటలు దొంగతనంగా విన్నాను. నేను విన్నానని నీకూ తెలిసే ఉంటుంది, పొడి తల చూశావు కదా. ఇద్దరికీ అన్నీ తెలుసు. తెలిసినవే అయినా ఒకసారి పైకి అనుకుంటే బాగుంటుందేమో.

ఆ పాపకు బూటు తాడు కట్టడం నువ్వు నేర్పావని నాకు తెలియదు. కోర్టులో ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేదు. ఇంకా ఏమేం ఉన్నాయో నాకు తెలియదు. కోడికి సగమే చెప్పి ఉంటావు, మిగతా సగం ఎవరికి చెబుతావు అని రెండు రోజులుగా అదే ఆలోచన.

నీ తప్పు లేదని నేను అనను. కోర్టువాళ్ళు అన్నారు, దానివల్ల నీకు ఒరిగిందేమీ లేదు. ఉందని కూడా అనను.

రేపటినుంచి మధ్యాహ్నం నేను మెట్ల మీద కూచుంటాను. కింది మెట్టు మీద. నీ వైపు చూడను, గోడ వైపు తిరిగి కూచుంటాను. నువ్వు పై మెట్టు మీద కూచో. మధ్యలో మాట్లాడను. మంచీ చెడ్డా చెప్పను. ఏడిస్తే వెనక్కి తిరగను. కోడి ఏం చేసేదో అంతకంటే ఎక్కువ చెయ్యను. దానికంటే నేను తక్కువ మాట్లాడతాను, అది మధ్యమధ్యలో గొణిగేది.

నీకు ఇష్టం లేకపోతే రావద్దు. నేను కూచునే ఉంటాను.

అన్నం ఇప్పుడే వండాను, వేడిగా ఉంది. కంచం పక్కన ఈ పుస్తకం పెడుతున్నాను. తలుపు తీసేటప్పుడు కాలికి తగలకుండా చూసుకో.

చదివిన వెంటనే జవాబు ఇయ్యి. రాయక్కర్లేదు.